కే నొక్కితే టైపు వస్తోంది, వివరం రావట్లేదు

శుక్రవారం, రాత్రి 11

మా టీమ్‌లోకి కొత్తగా వచ్చిన తమ్ముడిది నరసరావుపేట. మూడేళ్ళు జావా రాసి వచ్చాడు, హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో పడి రెండు వారాలైంది. ఇవాళ సాయంత్రం నా పక్కన కూర్చుని, స్క్రీన్ మీద ఒక ఫంక్షన్ పేరు చూపించి అడిగాడు.

"అన్నా, దీని మీద కర్సర్ పెడితే టైపు ఒక్కటే వస్తుందేంటి? ఇది ఏం చేస్తుందో ఎక్కడ చూడాలి?"

"హ్యాకేజ్‌లో చూడు."

"అంటే ప్రతిసారీ బ్రౌజర్ తెరవాలా? జావాలో అయితే అక్కడే వచ్చేసేది."

హ్యాకేజ్ అంటే హాస్కెల్ లైబ్రరీలూ వాటి వివరణలూ ఉండే వెబ్‌సైట్. హాస్కెల్‌లో టైపు (ఫంక్షన్ ఏం తీసుకుని ఏం ఇస్తుందో చెప్పేది) చూస్తే సగం అర్థమైపోతుందని ఏదో సర్దిచెప్పాను. అతను తల ఊపాడు గానీ నమ్మలేదు. నిజానికి నేనూ నమ్మలేదు. కుందలహళ్ళి స్టేషన్‌లో మెట్రో దిగి పీజీకి నడుస్తున్నంతసేపూ అదే బుర్రలో తిరిగింది. మూడేళ్ళుగా ఒక పక్క ఎడిటర్, ఇంకో పక్క బ్రౌజర్‌లో ఇరవై ట్యాబులు. అలవాటైపోయి, అది ఇబ్బంది అన్న సంగతే మర్చిపోయాను.

అందుకే ఈ డైరీ. లక్ష్యం ఒక్కటే: బయటి లైబ్రరీ ఫంక్షన్ మీద కే (K) అక్షరం నొక్కితే టైపుతో పాటు దాని వివరణ కూడా రావాలి.

ఇప్పుడున్న సరంజామా ఇది. ఉబుంటు లాప్‌టాప్, 16 జీబీ ర్యామ్. ఎడిటర్ నియోవిమ్. కంపైలర్ జీహెచ్‌సీ 9.6, బిల్డ్‌కి క్యాబల్ 3.12. ఎడిటర్‌కీ కంపైలర్‌కీ మధ్య హాస్కెల్ లాంగ్వేజ్ సర్వర్, అందరూ హెచ్‌ఎల్‌ఎస్ అంటారు. ఈ హాస్కెల్ పనిముట్లన్నీ జీహెచ్‌సీఅప్ అనే ఇన్‌స్టాలర్‌తో దించుకున్నవే. నియోవిమ్‌లో మౌస్ ఆనిస్తే వివరాల డబ్బా (హోవర్ అంటారు) రాదు, పేరు మీద కర్సర్ పెట్టి కే నొక్కాలి. రెండోసారి కే నొక్కితే కర్సర్ ఆ డబ్బాలోకే వెళ్తుంది, పొడుగు వివరణలు కిందికి జరుపుకుంటూ చదవొచ్చు. ఈ రెండో కే సంగతి నాకు ఈమధ్యే తెలిసింది.

పడుకునే ముందు చిన్న పరీక్ష. నేను రాసిన ఫంక్షన్ మీద కే: టైపూ వచ్చింది, నేను రాసుకున్న కామెంటూ వచ్చింది. మ్యాప్ మీద కే: టైపు, కింద చక్కగా వివరణ. ఏసన్ లైబ్రరీలోని డీకోడ్ మీద కే: టైపు, అంతే. (గ్రీకు పురాణంలో జేసన్ తండ్రి పేరు ఏసన్. జేసన్ (JSON) అనే ఫార్మాట్‌లో ఉన్న డేటాని చదివే లైబ్రరీకి ఆ పేరు పెట్టారు. ఈ భాష వాళ్ళ హాస్యం ఇలాగే ఉంటుంది.)

సొంతవి వస్తున్నాయి, కంపైలర్‌తో వచ్చినవి వస్తున్నాయి, హ్యాకేజ్ నుంచి దించుకున్నవి మాత్రం రావట్లేదు.

శనివారం

పై వాక్యం నిన్న రాత్రి నా చేత్తోనే రాశాను. దాన్ని సరిగ్గా చదివి ఉంటే ఈ శనివారం మిగిలేది. చదవలేదు. పొద్దున్నే లేచి ఎడిటర్ మీద పడ్డాను.

ఎందుకంటే ఏం చెప్పను, చేతికి దగ్గరగా ఉన్నది అదే. హోవర్ డబ్బాని అందంగా చూపించే ప్లగిన్ ఒకటి తీసేశాను, ఇంకోటి పెట్టాను. వివరణలు వచ్చే మార్క్‌డౌన్ ఫార్మాట్‌ని సరిగా చూపించడం లేదేమోనని, ఎడిటర్‌లో దాన్ని చదివే ట్రీసిట్టర్ పార్సర్లు మళ్ళీ దించాను. నియోవిమ్ కొత్త వెర్షన్‌లో భాషా సర్వర్ల సెట్టింగులు రాసే పద్ధతి మారింది కదా, పాత పద్ధతిలో ఉన్న నా ఫైల్ అంతా తిరగరాశాను. ఫైల్ చూడ్డానికి బాగుంది. ఫలితం సున్నా.

మధ్యాహ్నం మెస్‌లో పప్పు, గోంగూర పచ్చడి, ఆ పైన నిద్ర.

నాలుగింటికి లేచాక చేసిన పని పొద్దున్నే చేయాల్సింది. నియోవిమ్‌లో సర్వర్ లాగ్‌ని డీబగ్ స్థాయికి పెట్టి, ఏసన్ డీకోడ్ మీద కే నొక్కి, లాగ్ తెరిచాను. ఎడిటర్ సర్వర్‌ని "ఫలానా ఫైల్, ఫలానా లైన్, ఫలానా కాలమ్, ఇక్కడ హోవర్ ఏంటి" అని అడుగుతుంది. సర్వర్ మార్క్‌డౌన్‌లో జవాబిస్తుంది. ఎడిటర్ ఆ జవాబుని డబ్బాలో పెట్టి చూపిస్తుంది, దాని పని అంతే. మ్యాప్‌కి వచ్చిన జవాబులో వివరణ పేరా మొత్తం ఉంది. డీకోడ్‌కి వచ్చిన జవాబులో టైపు ఉంది, ఏ మాడ్యూల్‌లో ఉందో ఉంది. వివరణ లేదు.

అంటే సర్వరే పంపలేదు. పాపం ఎడిటర్‌ని పొద్దుటి నుంచీ ఉత్తపుణ్యానికి చావగొట్టాను.

ఆదివారం, పొద్దున

ఇవాళ్టి ప్రశ్న: హెచ్‌ఎల్‌ఎస్‌కి ఈ వివరణలు ఎక్కడి నుంచి వస్తాయి?

నేను ఇన్నాళ్ళూ అనుకున్నది వేరు. హ్యాకేజ్ వెబ్‌సైట్ నుంచో, కంప్యూటర్‌లో ఎక్కడో పడి ఉన్న హెచ్‌టీఎమ్ఎల్ పేజీల నుంచో తెస్తుందని నా ఊహ. హ్యాకేజ్‌లో మనం చదివే పేజీలు హ్యాడక్ అనే పనిముట్టు తయారుచేసినవి. సైమన్ మార్లో 2002లో రాసిన పనిముట్టు అది. సోర్స్ ఫైళ్ళలో ప్రత్యేకమైన గుర్తుతో రాసిన కామెంట్లని ఏరి పేజీలుగా మారుస్తుంది. కానీ హోవర్‌కి ఆ పేజీలతో పని లేదు.

హాస్కెల్ మాడ్యూల్ ఒకటి కంపైల్ అయితే రెండు ఫైళ్ళు పుడతాయి. ఒకటి ఆబ్జెక్ట్ ఫైల్, అందులో మెషీన్ కోడ్. రెండోది ఇంటర్‌ఫేస్ ఫైల్, డాట్ హెచ్ఐ అంటారు. ఈ మాడ్యూల్ ఏమేం బయటికి ఇస్తుంది, వాటి టైపులేంటి అన్నదంతా అందులో ఉంటుంది. వేరే మాడ్యూల్ దీన్ని ఇంపోర్ట్ చేసుకున్నప్పుడు కంపైలర్ మళ్ళీ సోర్స్ చదవదు, ఈ హెచ్ఐ ఫైల్ చదువుతుంది. హోవర్‌లో టైపు ఎప్పుడూ వస్తుందంటే కారణం అదే, టైపు లేని హెచ్ఐ ఫైల్ ఉండదు. వివరణ మాత్రం అడిగితేనే ఎక్కుతుంది. కంపైల్ చేసేటప్పుడు -హ్యాడక్ అనే ఫ్లాగ్ ఇస్తే జీహెచ్‌సీ ఆ కామెంట్లని కూడా హెచ్ఐ ఫైల్‌లో దాస్తుంది. ఇవ్వకపోతే మామూలు కామెంట్లలాగే చూసి వదిలేస్తుంది. 2018లో వచ్చిన జీహెచ్‌సీ 8.6 నుంచి ఈ ఏర్పాటు ఉంది.

శుక్రవారం నాటి మూడు పరీక్షల లెక్క ఇప్పుడు తేలింది. నా సొంత ఫైళ్ళని హెచ్‌ఎల్‌ఎస్ తనే చదువుతుంది, హ్యాడక్ గుర్తున్న కామెంట్లని వదలదు. మ్యాప్ లాంటివి జీహెచ్‌సీతో పాటు ముందే కంపైలై వచ్చినవి, వాటిని కట్టినవాళ్ళు ఆ ఫ్లాగ్ ఇచ్చారు. ఏసన్‌ని మాత్రం కంపైల్ చేసింది నేను, నా లాప్‌టాప్‌లో, ఆ ఫ్లాగ్ లేకుండా.

దీన్ని ఎడిటర్ ఊసే లేకుండా పరీక్షించొచ్చు. ప్రాజెక్టు ఫోల్డర్‌లో క్యాబల్ రెప్ల్ (ఒక్కో లైన్ కొట్టి వెంటనే జవాబు చూసుకునే జీహెచ్‌సీఐ) తెరిచి, ఏసన్ ఇంపోర్ట్ చేసి, కోలన్ డాక్ అని కొట్టి డీకోడ్ పేరు ఇచ్చాను. ఆ మాడ్యూల్‌కి డాక్యుమెంటేషన్ ఏదీ దొరకలేదన్నది జీహెచ్‌సీఐ. అదే కోలన్ డాక్ మ్యాప్ అంటే పేరా మొత్తం చదివి వినిపించింది. ఇంకా అనుమానం ఉన్నవాళ్ళు జీహెచ్‌సీకి షో-ఐఫేస్ అనే ఆప్షన్‌తో హెచ్ఐ ఫైల్ ఇచ్చి, లోపల ఏముందో అక్షరాల్లో చూసుకోవచ్చు. నేను చూశాను. పేజీలకి పేజీలు టైపులు. హ్యాకేజ్‌లో డీకోడ్ కింద ఉన్న వాక్యంలోంచి ఒక మాట పట్టుకుని వెతికితే ఎక్కడా లేదు.

ఇక నుంచి ఎడిటర్ తెరవను. ఈ కోలన్ డాక్ పలికే దాకా టెర్మినల్‌లోనే ఉంటాను.

ఆదివారం, రాత్రి

ఫ్లాగ్ ఏమిటో తెలిసింది, ఎక్కడ పెట్టాలన్నది ఇంకో కథ.

మొదట ప్రాజెక్టు డాట్ క్యాబల్ ఫైల్‌లో జీహెచ్‌సీ-ఆప్షన్స్ అన్న చోట -హ్యాడక్ చేర్చాను. బిల్డ్ చేశాను. నా సొంత మాడ్యూళ్ళన్నీ మళ్ళీ కంపైల్ అయ్యాయి. ఏసన్ కదల్లేదు, కదలదు కూడా. నా ఇంట్లో పెట్టిన రూలు నా ఇంటికే గానీ పక్కింటికి వర్తించదు. డాట్ క్యాబల్ ఫైల్ ఆ ఒక్క ప్యాకేజీకి సంబంధించింది.

తర్వాత కమాండ్ లైన్‌లోనే ఇచ్చాను, క్యాబల్ బిల్డ్, దాని పక్కన జీహెచ్‌సీ-ఆప్షన్స్ ఈక్వల్‌టు -హ్యాడక్. ఇదైతే అన్నిటికీ పడుతుందనుకున్నాను. పడలేదు. కమాండ్ లైన్‌లో ఇచ్చే ఆప్షన్లు ప్రాజెక్టులోని లోకల్ ప్యాకేజీలకే వెళ్తాయి, బయటి నుంచి వచ్చే డిపెండెన్సీలకి వెళ్ళవు. ఆలోచిస్తే న్యాయమే. ఏదో వార్నింగ్ ఫ్లాగ్ ఇచ్చిన ప్రతిసారీ వంద ప్యాకేజీలు మళ్ళీ కంపైలయితే ఎవరు భరిస్తారు? న్యాయమే గానీ రాత్రి పదింటికి ఆ న్యాయం మింగుడు పడలేదు.

రూమ్మేట్ తొంగిచూసి "ఏంటి బాబాయ్, ఆదివారం కూడానా" అన్నాడు. వాడిది టెస్టింగ్ ఉద్యోగం, వాడికి ఆదివారాలుంటాయి.

సోమవారం (మంగళవారం తెల్లవారుజాము అనాలేమో)

క్యాబల్‌కి యూజర్ మొత్తానికి వర్తించే కాన్ఫిగ్ ఫైల్ ఒకటుంది. అందులో ప్రోగ్రామ్-డిఫాల్ట్-ఆప్షన్స్ అనే విభాగంలో జీహెచ్‌సీ-ఆప్షన్స్‌కి -హ్యాడక్ పెడితే డిపెండెన్సీలతో సహా అన్ని ప్యాకేజీలకీ వర్తిస్తుంది. హోమ్ ఫోల్డర్‌లో డాట్ క్యాబల్ అనే ఫోల్డర్, దాని లోపల కాన్ఫిగ్. ఇన్నేళ్ళుగా నా వేళ్ళకి గుర్తున్న దారి అది. తెరిస్తే ఫైల్ ఖాళీ. సరే, కొత్తగా రాసి దాచాను. బిల్డ్ కొడితే "అంతా తాజాగానే ఉంది" అని సమాధానం.

పదిహేను నిమిషాలు స్పెల్లింగులు చూసుకున్నాను. తర్వాత క్యాబల్ హెల్ప్ కొట్టి, ఆ పొడవాటి జాబితా చివరికంటా వెళ్తే, ఏ కాన్ఫిగ్ ఫైల్ దిద్దుకోవాలో ఆఖరున దారి రాసి ఉంది. అది డాట్ కాన్ఫిగ్ ఫోల్డర్‌లోని క్యాబల్‌లో ఉంది. క్యాబల్ 3.10 నుంచి లినక్స్‌లో ఫైళ్ళ చోట్లు మారాయి. కాన్ఫిగ్ ఒక చోట, కంపైలైన ప్యాకేజీలు దాచే స్టోర్ ఇంకో చోట, దింపుకున్నవి మరో చోట. పాత డాట్ క్యాబల్ ఫోల్డర్‌నే వాడుతున్న మెషీన్లూ చాలా ఉన్నాయి, అక్కడ పాత దారే పనిచేస్తుంది. నా దాంట్లో మాత్రం నేను ఖాళీ ఇంటికి ఉత్తరం రాసినట్టయింది.

సరైన ఫైల్‌లో పెట్టి బిల్డ్ కొట్టగానే స్క్రీన్ కదలడం మొదలైంది. ఏసన్, దాని కింద ఉన్నవి, వాటి కింద ఉన్నవి, అన్నీ మొదటి నుంచి. క్యాబల్ ప్రతి ప్యాకేజీకీ దాని వెర్షన్, డిపెండెన్సీలు, ఫ్లాగులు అన్నీ కలిపి ఒక హ్యాష్ (వేలిముద్ర లాంటి గుర్తు) కడుతుంది. ఫ్లాగ్ మారితే హ్యాష్ మారుతుంది, హ్యాష్ మారితే స్టోర్‌లో అది వేరే ప్యాకేజీ కిందే లెక్క. పాతది చెరిగిపోదు. ఇప్పుడు నా స్టోర్‌లో ఒకే వెర్షన్ ఏసన్ రెండు ఫోల్డర్లలో ఉంది, ఒకటి మూగది, ఒకటి మాట్లాడేది.

ఇక్కడ ఇంకో దెబ్బ. ఎనిమిది కోర్లున్నాయి కదా అని క్యాబల్ ఎనిమిది ప్యాకేజీలు ఒకేసారి ఎత్తుకుంది. లెన్స్ లాంటి పెద్దవి రెండు మూడు కలిసి వచ్చేసరికి, పక్కన హెచ్‌ఎల్‌ఎస్ కూడా నడుస్తుండడంతో, 16 జీబీ చాలలేదు. మౌస్ కూడా కదల్లేదు. రీస్టార్ట్ చేసి, ఎడిటర్ మూసేసి, ఈసారి -జె2 అని రెండిటికే పరిమితం చేసి మళ్ళీ మొదలుపెట్టాను. పూర్తైనవి స్టోర్‌లో ఉన్నాయి కాబట్టి ఆగిన చోటు నుంచే సాగింది. టెన్షన్‌తో చూస్తూ కూర్చోవడం ఎందుకని కిందికి వెళ్ళి టీ తాగొచ్చాను. వచ్చేసరికి కరెంటు పోయింది. లాప్‌టాప్ బ్యాటరీ ఉంది కాబట్టి సరిపోయింది.

ఒంటిగంట దాటాక అయిపోయింది. రెప్ల్ తెరిచి కోలన్ డాక్ డీకోడ్ అంటే, జేసన్‌ని లేజీ బైట్‌స్ట్రింగ్ నుంచి చదువుతుందనీ, ఫెయిలైతే నథింగ్ ఇస్తుందనీ చెప్పే పేరా వచ్చింది. నియోవిమ్ తెరిచి, హెచ్‌ఎల్‌ఎస్ పూర్తిగా లేచేదాకా ఆగి, కే నొక్కాను. అదే పేరా, డబ్బాలో.

రూమ్మేట్‌ని లేపి చూపించాలనిపించింది. లేపలేదు.

బుధవారం

సంబరం ఒక్క రోజే. ఆఫీసులో ఇంకా జీహెచ్‌సీ 8.10 మీదే నడుస్తున్న పాత సర్వీస్ ఒకటుంది. దాన్ని ఎవరూ ముట్టుకోరు. ఇవాళ ముట్టుకోవాల్సి వచ్చింది. బిల్డ్ కొడితే డిపెండెన్సీలన్నీ మళ్ళీ మొదలుపెట్టి, ఎక్కడో లోతులో ఉన్న ఒక లైబ్రరీ దగ్గర పార్స్ ఎర్రర్ అని ఆగిపోయింది. సంవత్సరాలుగా కంపైలవుతున్న లైబ్రరీ అది.

ఎర్రర్ చూపించిన లైన్ దగ్గర ఉన్నది ఒక కామెంట్. అంతే. ఎవరో ఒక ఎక్స్‌ప్రెషన్ మధ్యలో, మామూలు కామెంట్ రాయాల్సిన చోట, హ్యాడక్ గుర్తుతో రాశారు. జీహెచ్‌సీ 9.0కి ముందు -హ్యాడక్ ఇస్తే ఈ కామెంట్లు కూడా వ్యాకరణంలో భాగమే, ఉండకూడని చోట ఉంటే బిల్డే ఆగుతుంది. 9.0 నుంచి అలా కాదు, తప్పు చోట ఉన్నదాన్ని పక్కన పెట్టి ముందుకు వెళ్తుంది, కావాలంటే వార్నింగ్ ఇస్తుంది. నేను యూజర్ కాన్ఫిగ్‌లో పెట్టిన ఒక్క లైన్ ఈ మెషీన్‌లోని ప్రతి ప్రాజెక్టుకీ వెళ్ళింది, ఈ ముసలాయనతో సహా.

కాబట్టి చోటు మార్చాను. యూజర్ కాన్ఫిగ్‌లోంచి తీసేసి, కొత్త ప్రాజెక్టు ఫోల్డర్‌లో క్యాబల్ డాట్ ప్రాజెక్ట్ డాట్ లోకల్ అనే ఫైల్‌లో రెండు లైన్లు రాశాను. మొదటి లైన్ ప్యాకేజ్ అనే మాట, ఖాళీ, నక్షత్రం గుర్తు. రెండో లైన్ రెండు ఖాళీలు వదిలి జీహెచ్‌సీ-ఆప్షన్స్, కోలన్, -హ్యాడక్. ఆ నక్షత్రంలోనే ఉంది అంతా. లోకల్ అయినా, బయటివైనా, అన్ని ప్యాకేజీలూ అని దానర్థం.

బిల్డ్ కొట్టేటప్పుడు మళ్ళీ గంటలు పడుతుందని భయపడ్డాను. పట్టలేదు. ఫ్లాగ్ ఏ దారిన వచ్చినా ఫ్లాగ్ అదే, హ్యాష్ అదే. సోమవారం కట్టినవే స్టోర్‌లోంచి తీసుకుంది.

ఇదే లైన్లు అందరూ వాడే క్యాబల్ డాట్ ప్రాజెక్ట్‌లోనే పెడితే టీమ్ మొత్తానికి వస్తుంది కదా అంటే, వస్తుంది. దాంతో పాటు, ప్రతి మార్పునీ తనే బిల్డ్ చేసి పరీక్షించే సీఐ సర్వర్ కూడా తన క్యాష్ పక్కన పడేసి అన్నీ మళ్ళీ కడుతుంది, ఎవరూ హోవర్ చేయని మెషీన్‌లో. నా ఓటు లోకల్ ఫైల్‌కే. మా గిట్ దాన్ని ఎలాగూ పట్టించుకోదు.

గురువారం

తమ్ముడి లాప్‌టాప్. అతను వీఎస్ కోడ్ వాడతాడు. "అన్నా, నువ్వు చెప్పిందే పెట్టా, రావట్లేదు" అన్నాడు. ఫైల్ తెరిస్తే నక్షత్రం లైన్ లేదు, రెండో లైన్ ఒక్కటే ఉంది. అలా పై స్థాయిలో రాస్తే అది లోకల్ ప్యాకేజీలకే. ఆదివారం రాత్రి నేను పడ్డ గోతిలోనే ఇంకో వైపు నుంచి పడ్డాడు. నాకు కొంచెం తృప్తిగా అనిపించింది, చెప్పకూడదు గానీ.

దిద్దాక ఇంకో చిన్న గొడవ. ఫైల్ దిద్ది, టెర్మినల్‌లో బిల్డ్ చేయకుండా నేరుగా ఎడిటర్ తెరిచాడు. హెచ్‌ఎల్‌ఎస్ ప్రాజెక్టు వివరాల కోసం లోపల క్యాబల్‌నే పిలుస్తుంది. అంటే డిపెండెన్సీలన్నీ కట్టడం తెర వెనక మొదలైంది, కింద ఒక చిన్న చక్రం తిరుగుతూ ఉంది, ఇంకేం కనపడదు. పాడైపోయిందనుకుని రెండుసార్లు చంపేశాడు. ముందు టెర్మినల్‌లో బిల్డ్, అది ముగిశాక ఎడిటర్‌లో సర్వర్ రీస్టార్ట్. ఈ వరుస తప్పితే అరగంట పోతుంది.

క్యాబల్ బదులు స్టాక్ అనే బిల్డ్ పనిముట్టు వాడే ఇంకో సహోద్యోగి కూడా అడిగారు. స్టాక్ డాట్ యామ్‌ల్ ఫైల్‌లో జీహెచ్‌సీ-ఆప్షన్స్ కింద డాలర్ గుర్తు, దాని వెంటనే ఎవ్రీథింగ్ అనే మాట, దానికి విలువగా -హ్యాడక్. ఆవిడకి మొదటిసారే వచ్చింది. స్టాక్ వాళ్ళు ఆ పేరైనా అర్థమయ్యేలా పెట్టారు.

శనివారం, రైల్లో

అమ్మ వాళ్ళని చూడ్డానికి అనంతపురం వెళ్తున్నా. హిందూపురం దాకా నెట్ బాగానే ఉంది, పెనుకొండ దగ్గర పోయింది. లాప్‌టాప్ తెరిచి కే నొక్కితే వివరణలన్నీ వస్తున్నాయి. అవి నా డిస్క్ మీదే ఉన్నాయి కదా, నెట్‌తో పనేముంది.

కానీ హోవర్ చూపించేది ఒక్క ఫంక్షన్ గురించే. ఒక లైబ్రరీ మొత్తాన్ని తిరగేయాలంటే, ఇందులో ఇంకేమున్నాయో చూడాలంటే పేజీ కావాలి. అందుకే నిన్న రాత్రి అదే లోకల్ ఫైల్‌లో నక్షత్రం కింద డాక్యుమెంటేషన్, కోలన్, ట్రూ అని ఇంకో లైన్ చేర్చి పడుకున్నాను. ఇది హెచ్‌టీఎమ్ఎల్ పేజీలు కూడా తయారుచేయిస్తుంది. హ్యాడక్-హైపర్‌లింక్-సోర్స్ కూడా ట్రూ చేశాను, అప్పుడు లింకులు నొక్కుతూ సోర్స్‌లోకి వెళ్ళొచ్చు. ఇప్పుడు డబ్బా అడుగున డాక్యుమెంటేషన్, సోర్స్ అని రెండు లింకులు వస్తున్నాయి. నియోవిమ్‌లో రెండోసారి కే నొక్కి లోపలికెళ్ళి, లింక్ మీద జీఎక్స్ కొడితే బ్రౌజర్‌లో డిస్క్ మీది పేజీ తెరుచుకుంటుంది. వీఎస్ కోడ్ హాస్కెల్ ఎక్స్‌టెన్షన్ అయితే ఆ డాక్యుమెంటేషన్ లింక్‌ని మామూలుగా హ్యాకేజ్‌కే పంపుతుంది, లోకల్ పేజీ కావాలంటే దాని సెట్టింగ్ మార్చుకోవాలి.

ఒక్కటే చిరాకు. ఈ డాక్యుమెంటేషన్ లైన్ కూడా హ్యాష్ లెక్కలోకి వస్తుంది. అంటే మళ్ళీ అన్నీ మొదటి నుంచి, పైగా ప్రతి ప్యాకేజీకీ హ్యాడక్ నడిచే టైమ్ అదనం. రెండు లైన్లూ ఒకేసారి పెట్టి ఉంటే ఒక రాత్రి, కొంత డిస్కూ మిగిలేవి. స్టోర్‌లో ఇప్పుడు ముగ్గురు ఏసన్‌లు. రోజూ ఆఫీసులో నెట్ ఉన్నవాళ్ళకి -హ్యాడక్ ఒక్కటి చాలు, ఈ పేజీల బరువు అక్కర్లేదు. నాలాగా నెలకోసారి ఈ రైలెక్కేవాళ్ళకి పనికొస్తుంది.

ధర్మవరం వస్తోంది. మూస్తున్నా.

మంగళవారం

అంతా అయిపోయిందనుకున్నాక తమ్ముడు మళ్ళీ వచ్చాడు. "అన్నా, హ్యాకేజ్‌వి అన్నీ వస్తున్నాయి. మన లైబ్రరీవి రావట్లేదు."

మన లైబ్రరీ అంటే మా టీమ్‌ది, గిట్ నుంచి తెచ్చుకునేది. అందులో సగం నేను రాసిందే. నక్షత్రం దానికీ వర్తిస్తుంది, కంపైలైంది, ఫ్లాగ్ వెళ్ళింది. మాడ్యూల్ తెరిచి చూశాను. ఫంక్షన్ల మీద కామెంట్లున్నాయి. బాగానే రాశాను కూడా. షో-ఐఫేస్‌తో హెచ్ఐ ఫైల్ చూస్తే వాటిలో ఒక్క ముక్క లేదు.

ఐదు నిమిషాలు కళ్ళెదురుగా ఉన్నది కనపడలేదు. నేను రాసిన కామెంట్లన్నీ రెండు అడ్డగీతలతో మొదలయ్యాయి. హ్యాడక్‌కి అది మామూలు కామెంట్. రెండు అడ్డగీతలు, ఖాళీ, ఆపైన ఒక నిలువు గీత, ఇదిగో ఇలా -- | ఉంటేనే అది కింది ఫంక్షన్ వివరణ అని తీసుకుంటుంది. రికార్డ్ ఫీల్డ్ పక్కనో, ఆర్గ్యుమెంట్ పక్కనో రాసేదానికి నిలువు గీత బదులు -- ^ గుర్తు. మూడేళ్ళుగా నాకు తెలిసిన విషయమే. ఈ లైబ్రరీవి హోవర్‌లో ఎప్పుడూ కనపడలేదు కాబట్టి గీత పెట్టాలన్న ధ్యాసే లేదు.

ఎడిటర్‌లో ఒక్కసారిగా మార్చేద్దామని చూశాను. ఫైల్‌లోని కామెంట్లన్నిటికీ గీత తగిలించాను. -డబ్ల్యూఇన్‌వాలిడ్-హ్యాడక్ వార్నింగ్ కూడా పెట్టి బిల్డ్ చేస్తే వరుసపెట్టి పసుపు అక్షరాలు. వేర్ కింద రాసుకున్న చిన్న ఫంక్షన్ల మీద, కేస్ కొమ్మల మధ్య, ఎక్కడపడితే అక్కడ గీతలు పెట్టేశాను. బుధవారం 8.10లో బిల్డ్ ఆపింది ఎవరో అచ్చం ఇలాగే చేసిన పని. ఆ పాత లైబ్రరీ రాసినవాళ్ళ మీద ఆ రోజు నేను అన్న మాటలు వెనక్కి తీసుకుంటున్నా. అన్నీ వెనక్కి తిప్పి, ఒక్కొక్కటీ చేత్తో పెట్టుకుంటూ వచ్చాను. సాయంత్రానికి నాలుగు మాడ్యూళ్ళు అయ్యాయి, ఇంకా ఏడు ఉన్నాయి.

తమ్ముడు కొత్త బ్రాంచ్ తీసుకుని, బిల్డ్ చేసి, సెట్టింగులు చదివే ఫంక్షన్ మీద మౌస్ ఆనించాడు. రెండేళ్ళ కింద నేను రాసిన వాక్యం డబ్బాలో వచ్చింది: మొదటిసారి చదివిన విలువనే దాచుకుంటుంది, ఫైల్ మారినా మళ్ళీ చదవదు.

అతను దాన్ని రెండుసార్లు చదివి నా వైపు తిరిగాడు. "అన్నా, పోయిన వారం ఫైల్ మార్చినా విలువ మారట్లేదని ఒక పూటంతా కొట్టుకున్నా కదా."

"నన్ను అడగొచ్చు కదరా?"

"అడిగా. హ్యాకేజ్‌లో చూడమన్నావ్."